పాత సిగరెట్ కార్డులు: అసలా నకలా తేల్చడం, పాడవకుండా దాచడం ఎలా?

పెట్టె అడుగునో, విదేశాల నుంచి వచ్చిన చుట్టాల సామాన్లలోనో చిన్న చిన్న బొమ్మల కార్డులు దొరికాయి, ఇవేమిటి, వీటికి విలువుందా, ఎలా దాచాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు పని మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను. చరిత్ర జోలికి పెద్దగా పోను. మెత్తటి కాగితపు సిగరెట్ ప్యాకెట్ నలిగిపోకుండా లోపల అట్టముక్క పెట్టేవారు. 1880ల నుంచి అమెరికాలో, తర్వాత బ్రిటన్‌లో దాని మీద బొమ్మలు, సంఖ్యలు అచ్చువేసి, సెట్టు పూర్తిచేయాలన్న ఆశ పుట్టించి సిగరెట్లు అమ్మారు. మన పనికి ఇంత తెలిస్తే చాలు.

ముందే ఒక మాట. బొమ్మ చూసి మురిసిపోయేవాళ్లే ఎక్కువగా మోసపోతారు. కార్డు ఎవరిది, ఏ కాలానిది, ఏ దేశంలో ఇచ్చారు అన్న విషయాలు చాలావరకు వెనక వైపే ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో బొమ్మ కన్నా వెనక వైపు గురించే ఎక్కువ రాశాను.

1. ముట్టుకునే ముందు

దగ్గర పెట్టుకోవలసినవి:

☐ 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం. నగల షాపులవాళ్లు వాడే రకం చాలు
☐ మిల్లీమీటర్లున్న స్టీలు స్కేలు, వీలైతే వెర్నియర్ క్యాలిపర్
☐ 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి
☐ మెత్తటి పెయింటింగ్ బ్రష్షు
☐ పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు
☐ నోట్‌బుక్కు, పెన్సిలు. బాల్‌పెన్ను ఆ గదిలోనే వద్దు

చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరనివ్వండి. నూలు గ్లవ్స్ అవసరం లేదు. వాటితో పట్టు తెలియదు, దారాలు కార్డు మూలలకు తగులుకుంటాయి.

కార్డులు ఉన్నవి ఉన్నట్టే, కదపకుండా ఫోన్‌తో ఫోటో తీయండి. ఏది దేని పక్కన ఉందో కూడా ఒక్కోసారి ఆధారమవుతుంది. రబ్బరు బ్యాండు చుట్టి ఉంటే లాగొద్దు, కత్తెరతో తుంచండి. పాత రబ్బరు కరిగి కార్డుకు అంటుకుని ఉంటే ఆ ముక్కను అలాగే వదిలేయండి. గోకితే రంగూ లేచి వస్తుంది.

2. అసలు ఇది సిగరెట్ కార్డేనా?

మన ఇళ్లలో దొరికేవాటిలో ఎక్కువ భాగం సిగరెట్ కార్డులు కావు. అగ్గిపెట్టె లేబుళ్లు, బీడీ కట్టల మీది కాగితాలు, చుట్టల పెట్టెల లేబుళ్లు పల్చటి కాగితం మీద ఉంటాయి, వెనక ఖాళీగానో జిగురు మరకతోనో ఉంటాయి. సిగరెట్ కార్డు మందపాటి అట్ట. వెనక సాధారణంగా రాత ఉంటుంది, చాలావాటి మీద సెట్టు పేరు, కార్డు సంఖ్య కూడా ఉంటాయి.

కొలిచి చూడండి:

☐ బ్రిటన్ మామూలు సైజు: సుమారు 36 × 68 మి.మీ.
☐ బ్రిటన్ పెద్ద సైజు: సుమారు 62 × 80 మి.మీ.
☐ అమెరికాలో ఎలెన్ అండ్ గింటర్ 1880ల కార్డులు: సుమారు 38 × 70 మి.మీ.
☐ అమెరికాలో 1909–11 నాటి తెల్ల అంచు బేస్‌బాల్ కార్డులు: సుమారు 36.5 × 66.7 మి.మీ.

బ్రిటన్ నుంచి వచ్చిన సామాన్లలో ఇదే సైజులో టీ పొడి ప్యాకెట్ల కార్డులూ కనిపిస్తాయి. బ్రూక్ బాండ్ వారు అక్కడ 1954 నుంచి ఇచ్చారు. అవీ సేకరించదగ్గవే గాని, పొగాకువి కావు. వెనక తిప్పితే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

3. వెనక వైపు చదవడం

తొందరపడకుండా చేయవలసిన పని ఇదే.

3.1 బ్రిటిష్ కార్డులు. ముందు కంపెనీ పేరు చూడండి. బ్రిస్టల్‌కు చెందిన విల్స్, నాటింగ్‌హామ్‌కు చెందిన జాన్ ప్లేయర్, లివర్‌పూల్‌కు చెందిన ఆగ్డెన్ పేర్లు తరచుగా కనిపిస్తాయి. తర్వాత అడుగున చిన్న అక్షరాలతో ఉండే వాక్యం వెతకండి: ఇంపీరియల్ టొబాకో కంపెనీ, గ్రేట్ బ్రిటన్ అండ్ ఐర్లండ్ అని. ఆ కంపెనీ ఏర్పడింది 1901లో. కాబట్టి ఆ వాక్యం ఉంటే కార్డు 1901 కన్నా పాతది కాదు.

విల్స్, ప్లేయర్ లాంటి పేరు ఉండి ఆ వాక్యం లేకపోతే రెండు దారులు. ఒకటి, 1901కి ముందుది కావచ్చు. రెండు, బ్రిటన్ బయట ఇచ్చిన కార్డు కావచ్చు. విదేశీ వ్యాపారం 1902లో పుట్టిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో చేతికి వెళ్లింది కనుక ఆ కార్డుల మీద ఈ వాక్యం ఉండదు. చాలామంది మొదటి దారే పట్టుకుని, ఉన్న వయసుకు ఓ ఇరవై ఏళ్లు కలిపేస్తారు.

మనవాళ్లకు ఈ రెండో దారి ముఖ్యం. కత్తెర మార్కు సిజర్స్ సిగరెట్లతో విల్స్ వారు భారతదేశంలో ఇచ్చిన కార్డులున్నాయి. 1912 నాటి భారత సైనిక రెజిమెంట్ల సెట్టు అందులోదే, 50 కార్డులు. బీహార్‌లోని ముంగేర్‌లో ఫ్యాక్టరీ పెట్టిన పెనిన్సులర్ టొబాకో కంపెనీ 1909 ప్రాంతంలో హిందూ దేవతల బొమ్మలతో ఒక సెట్టు ఇచ్చింది. కాబట్టి మన ఇంట్లో నిజమైన పాత కార్డు దొరికితే ఇలాంటి పేర్లు కనబడే అవకాశం ఎక్కువ.

కాలం తేల్చడానికి ఇంకో రెండు గుర్తులు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువై 1917లో బ్రిటన్‌లో కార్డులు ఆగిపోయాయి. 1922లో మళ్లీ మొదలై 1940లో మళ్లీ ఆగాయి. ఎవరైనా బ్రిటన్ కార్డు చూపించి 1919 నాటిది, 1945 నాటిది అంటే కాస్త ఆగి ఆధారం అడగండి. వెనక పొడి జిగురు పూత ఉంటే అది 1930ల కార్డు అయ్యే అవకాశం ఎక్కువ. ఆల్బంలో అతికించుకోవడానికి తడి చేస్తే చాలు అన్నట్టుగా అప్పుడు తయారుచేశారు.

3.2 అమెరికన్ కార్డులు. వీటి వెనక సిగరెట్ బ్రాండు పేరుతో పాటు ఫ్యాక్టరీ సంఖ్య, జిల్లా, రాష్ట్రం ఉండటం మామూలు. ఉదాహరణకు ఫ్యాక్టరీ 25, రెండో జిల్లా, వర్జీనియా. ఇది అలంకారం కాదు, పన్ను లెక్కల కోసం పొగాకు ఫ్యాక్టరీలకు ఇచ్చిన సంఖ్య.

సెట్టు పేరు అమెరికన్ కార్డు మీద ఉండకపోవచ్చు. అందుకే జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త వేసిన జాబితా సంఖ్యలే ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. ఎన్ అక్షరంతో మొదలైతే 19వ శతాబ్దపు పొగాకు కార్డు, టి అయితే 20వ శతాబ్దపుది. ఎలెన్ అండ్ గింటర్ 1887 నాటి ప్రపంచ విజేతల సెట్టు ఎన్28. ఇందాకటి తెల్ల అంచు బేస్‌బాల్ సెట్టు టి206. బర్డిక్ తన సేకరణను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. మ్యూజియం వెబ్‌సైట్‌లో బొమ్మలు పెట్టిన కార్డులతో మీ కార్డును ఉచితంగా పోల్చుకోవచ్చు.

3.3 ముందూ వెనకా పొంతన. ఒకే బొమ్మ వెనక వేర్వేరు బ్రాండ్లు ఉంటాయి. టి206లో పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్, సావరిన్, పోలార్ బేర్ లాంటివి ఎన్నో. కానీ అన్ని బొమ్మలూ అన్ని బ్రాండ్లతో రాలేదు. ఆ సెట్టులో అందరికీ తెలిసిన, బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు స్వీట్ కాపొరల్, పీడ్‌మాంట్ వెనకలతోనే తెలుసు. అదే బొమ్మ వెనక పోలార్ బేర్ ఉందంటే భూతద్దం కూడా అక్కర్లేదు, పక్కన పడేయండి.

3.4 ఒకే సంఖ్య, రెండు కార్డులు. సెట్టు సరిచూసేటప్పుడు ఒకే సంఖ్యతో రెండు బొమ్మలు కనిపిస్తే కంగారు పడొద్దు, ఒకటి పారేయొద్దు. విల్స్ వారి 1914 నాటి సంగీతకారుల రెండో సెట్టులో యుద్ధం వల్ల 8 మంది జర్మన్ల బొమ్మలు తీసేసి వేరేవాళ్లను పెట్టారు. తీసేసిన ఆ 8 కార్డులే ఇప్పుడు అరుదు.

4. అచ్చు పరీక్ష

పగటి వెలుతురులో భూతద్దం కింద మూడు చోట్ల చూడండి: మనిషి బుగ్గ, ఆకాశం, పేరు రాసిన అక్షరాలు.

పాత రంగుల కార్డులు రాతి మీద లిథో పద్ధతిలో, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చుతో వేసినవి. బుగ్గ మీద చుక్కలు ఉంటాయి గాని అవి చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా, చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. ఇప్పటి ఆఫ్‌సెట్ నకలులో నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు కొలిచినట్టు ఒకే ఎడంతో చిన్న చిన్న పువ్వుల్లా అమరి ఉంటాయి.

అసలు రహస్యం అక్షరాల్లో ఉంది. పాత కార్డులో అక్షరం నిండు సిరాతో, తెగని గీతగా ఉంటుంది. కార్డును స్కాన్ చేసి తీసిన నకలులో అక్షరం కూడా చుక్కలుగా విరిగిపోతుంది. నాకు ఒక్క పరీక్షకే టైముంటే ఇదే చేస్తాను.

జాగ్రత్త: క్రమమైన చుక్కలు కనిపించగానే నకలు అనెయ్యకండి. ఫోటోలను చుక్కలుగా అచ్చువేయడం 1930ల కార్డుల్లో మామూలే. చుక్కలు బొమ్మలో ఉండి, అక్షరాలు నిండుగా ఉంటే అది అసలు కావచ్చు. నిజమైన ఫోటోలే అతికించిన కార్డులూ ఉన్నాయి. గుడ్విన్ కంపెనీ ఓల్డ్ జడ్జ్ కార్డులు అట్ట మీద అతికించిన గోధుమరంగు ఫోటోలు. వాటిలో చుక్కలే ఉండవు.

5. కాగితం పరీక్ష

కార్డును ప్లాస్టిక్ కవరు లోంచి తీసి, గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చి వేయండి. కాంతిని కళ్లలోకి పడనివ్వొద్దు. పక్కన మామూలు ప్రింటర్ కాగితం పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950ల నుంచే విరివిగా వాడుకలోకి వచ్చాయి. కార్డు ప్రింటర్ కాగితంలా నీలి తెలుపు వెలుగుతో మెరిస్తే అది కొత్తది. మసకగా ఉంటే పాతది కావచ్చు, అంతే. ఆ రసాయనం లేని కాగితం మీద ఇప్పుడైనా నకలు తీయొచ్చు. అంటే ఈ పరీక్ష నకలును పట్టిస్తుంది గాని, అసలుకు హామీ ఇవ్వదు.

టీ డికాషన్‌లో ముంచి వయసు పెంచిన కార్డులు అమ్మకానికి వస్తాయి. నిజంగా ముసలిదైన కాగితం అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ రంగు మారుతుంది. ముంచినది ఎక్కడ చూసినా ఒకటే రంగు, చిన్న మడత గీతల్లో మాత్రం ముదురు.

రీప్రింటు అని నిజాయితీగా అచ్చువేసి అమ్మే నకళ్లూ ఉన్నాయి. ఆ మాటను వెనక నుంచి గోకి తీసేసేవాళ్లూ ఉన్నారు. కార్డును దీపానికి అడ్డంగా పెట్టండి. గోకిన చోట అట్ట పల్చబడి వెలుతురు ఎక్కువ వస్తుంది.

6. అంచులు, మూలలు

మూలలు మొద్దుబారిన పాత కార్డును సన్నగా కత్తిరించి పదునుగా చేయడం ఈ రంగంలో పెద్ద మోసం. టి206 వాగ్నర్ కార్డుల్లో అతి మంచి స్థితిలో ఉందని పేరుపడ్డదాన్ని తానే కత్తిరించానని, దాన్ని అమ్మిన వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ కార్డు గ్రేడింగ్ కంపెనీ, అంటే కార్డు స్థితిని పరీక్షించి మార్కులిచ్చే కంపెనీ, ముద్ర వేసిన ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంది. కాబట్టి పెట్టెలో ఉందన్న ధైర్యంతో కొలత మానకండి.

☐ నాలుగు వైపులా కొలవండి. ఎదురెదురు అంచుల పొడవు ఒకటేనా?
☐ అదే సెట్టులోని, విలువ లేని ఇంకో కార్డు పక్కన నిలబెట్టి పోల్చండి
☐ అంచును పక్క నుంచి చూడండి. పాత కోత కాస్త గరుకుగా, మట్టిరంగుగా ఉంటుంది. కొత్త కోత తెల్లగా, నునుపుగా ఉంటుంది
☐ నాలుగు మూలల్లో మూడు అరిగి ఒకటి కొత్తగా ఉంటే అనుమానించండి

ఒక్క మిల్లీమీటరు తేడాకే తీర్పు చెప్పకండి. ఫ్యాక్టరీలోనూ కోత అటూ ఇటూ అయ్యేది. కొలత, కోత రంగు, మూలలు మూడూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

7. ఆల్బంకు అతికి ఉంటే

మొదటి ప్రశ్న: తీయాల్సిన అవసరం ఉందా? జిగురు పూతతో వచ్చిన 1930ల కార్డులు, వాటికోసమే కంపెనీ అమ్మిన ఆల్బంలో అతికి ఉంటే ముట్టుకోకండి. ఆల్బం, కార్డులు కలిపి ఒకే వస్తువు.

మామూలు నోట్‌బుక్కులో పిండి జిగురుతో అంటించి ఉంటే, మామూలు లిథో కార్డు అయితేనే, ఇలా చేయొచ్చు. ముందు విలువ లేని ఒక కార్డుతో ప్రయత్నించండి.

1. కార్డు చుట్టూ పేజీని కత్తిరించండి. కార్డును లాగొద్దు.
2. కార్డు మూలలో రంగు మీద తడి దూది ఒక్కసారి తాకించండి. దూదికి రంగు అంటితే అక్కడే ఆపేయండి.
3. వెడల్పాటి పళ్లెంలో డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్యాటరీకి పోసేది చాలు. నీళ్లు మామూలు గది వేడిలోనే ఉండాలి, వేడినీళ్లు వద్దు.
4. ముక్కను ముంచి వదిలేయండి. కాగితం తనంతట తాను జారాలి. జారకపోతే ఇంకాసేపు ఉంచండి. చాకు, గోరు పెట్టొద్దు.
5. వెనక మిగిలిన బంకను నీళ్లలోనే వేలితో మెల్లగా రాయండి.
6. రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచండి. కొన్ని గంటలకోసారి పేపర్లు మార్చండి. పూర్తిగా ఆరేదాకా బరువు తీయొద్దు, తీస్తే కార్డు అప్పడంలా వంకర తిరుగుతుంది.

నీళ్లు తాకకూడనివి: ఫోటో కార్డులు, బంగారు పూత ఉన్నవి, మెరుపు వార్నిషు ఉన్నవి, పట్టు గుడ్డ మీద అచ్చువేసినవి. ఫెవికాల్ లాంటి కొత్త జిగురైతే ఈ పద్ధతి పనిచేయదు. పేజీతో సహా దాచుకోండి.

8. మన వాతావరణంలో దాచడం

ఇంగ్లండ్ పుస్తకాల్లో చెప్పే జాగ్రత్తలు విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలికి సరిపోవు. కాగితానికి తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. మన తీరంలో వానాకాలం దానికి దగ్గర్లోకి కూడా రాదు.

☐ మెత్తగా, ప్లాస్టిక్ వాసనతో ఉండే పీవీసీ ఆల్బం వద్దు. కాలం గడిచేకొద్దీ జిడ్డు వదిలి కార్డుకు అంటుకుంటుంది
☐ పాలీప్రొపిలీన్ కవరులో ఒక్కో అరకు ఒక్కో కార్డు
☐ మూత బిగుతుగా పట్టే డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, చవకరకం తేమ మీటరు. రంగు మారే జెల్ కొంటే ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది
☐ బీరువా బయటి గోడకు ఆనకుండా, నేలకు కాస్త ఎత్తులో
☐ కలరా ఉండలు కార్డులున్న డబ్బాలో వేయొద్దు
☐ గోడకు తగిలించాలనిపిస్తే రంగు జిరాక్సు తగిలించండి. ఎండ తగిలిన గులాబి రంగు తిరిగి రాదు

బూజు పట్టిందా? తుడవొద్దు, తుడిస్తే లోపలికి రుద్దినట్టే. మిగతావాటి నుంచి వేరు చేసి, ఫ్యాను కింద నీడలో ఆరనివ్వండి. పొడి అయ్యాక మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపండి. మరక మిగిలితే మిగలనివ్వండి.

వెండిరంగు పురుగులు కనబడితే ఫోటో కార్డులు పక్కన పెట్టి, మిగతావాటిని జిప్ కవరులో గాలి తీసేసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు కవరు విప్పొద్దు. చల్లటి కార్డు మీద గాలిలోని తేమ నీళ్లుగా పడుతుంది.

9. తరచూ జరిగే తప్పులు

రబ్బరుతో తుడవడం: మురికితో పాటు లిథో రంగు కూడా పోతుంది. బ్రష్షుతో ఆపండి.

లామినేషన్: దీనికి విరుగుడు లేదు. చేసేసి ఉంటే అలాగే ఉంచండి. ఊడదీస్తే కార్డు రెండు పొరలుగా విడిపోతుంది.

సెల్లోటేపు: కొత్తగా వేసి ఉన్నా మీరు లాగొద్దు. కాగితాల మరమ్మతు తెలిసినవాళ్లకు చూపించండి.

ఇస్త్రీ పెట్టె: వంగిన కార్డుకు వేడి అక్కర్లేదు. బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు పెడితే కొన్ని రోజుల్లో చాలావరకు సర్దుకుంటుంది.

వెనక పేరు, తేదీ రాయడం: రాయాల్సింది కవరు మీద, అదీ కార్డు లోపల పెట్టక ముందే.

10. నమోదు

ప్రతి కార్డును రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి. ఫైలు పేరులో కంపెనీ, సెట్టు, కార్డు సంఖ్య, ముందు లేదా వెనక అని పెడితే తర్వాత వెతుక్కునే బాధ ఉండదు. జాబితాలో కొలత, వెనక ఉన్న బ్రాండు, లోపాలు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత పెట్టి కొన్నారు రాయండి. "బాగుంది" అని రాయకండి. "పై ఎడమ మూల మొద్దు, వెనక జిగురు మరక" అని రాయండి.

11. కొనేటప్పుడు

బ్రిటన్‌లో 1930ల సెట్లు లక్షల కొద్దీ అచ్చయ్యాయి, ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. మొదలుపెట్టేవాళ్లు వాటితోనే మొదలుపెట్టడం నయం. ఇంకోవైపు ఒక వాగ్నర్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఈ రెండో వార్త చదివినవాళ్లకే నకళ్లు అంటగడతారు.

☐ వెనక వైపు స్పష్టమైన ఫోటో అడగండి. ఇవ్వకపోతే బేరం అక్కడితో ఆపండి
☐ అక్షరాలు దగ్గరగా కనబడే ఫోటో ఒకటి, స్కేలు పక్కన పెట్టిన ఫోటో ఒకటి
☐ పూర్తి సెట్టు అంటే సంఖ్యల వరుసలో అన్ని కార్డుల ఫోటో. ఒకే కార్డు రెండుసార్లు, ఇంకోటి అసలే లేకపోవడం మామూలు
☐ గ్రేడింగ్ పెట్టెలో ఉంటే దాని సంఖ్యను ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసి, అక్కడున్న ఫోటోలోని మరకలు, మూలలు ఇదే కార్డువా అని పోల్చండి
☐ "తాతగారి పెట్టెలో దొరికింది, నాకేమీ తెలియదు" అనే కథకు అదనంగా డబ్బు ఇవ్వొద్దు
☐ పోస్టులో పంపేటప్పుడు గట్టి అట్టల మధ్య, కవరుకే టేపు వేసి పంపమనండి. టేపు కార్డుకు తగలకూడదు
☐ పార్శిలు విప్పేటప్పుడే వీడియో తీసి, 3 నుంచి 6 దాకా ఉన్న పరీక్షలు వాపసు గడువు దాటకముందే పూర్తిచేయండి